స్టేషన్ చూడకుండా ఊరు చూసినట్టేనా?

పోయిన నెల మా పిన్ని కొడుకు ఇంటి గృహప్రవేశానికి వెళ్ళినప్పుడు భోజనాల దగ్గర మాటలు యూరప్ మీదికి మళ్ళాయి. వాళ్ళ కుటుంబం వేసవిలో పదకొండు రోజుల్లో ఏడు దేశాలు చూసి వచ్చింది. నేనూ మా అక్కా సెప్టెంబరులో వెళ్ళి పద్నాలుగు రోజుల్లో నాలుగు ఊళ్ళు చూసి వచ్చాం. బుడాపెస్ట్, వియన్నా, ప్రాగ్, డ్రెస్డెన్. ఊరి నుంచి ఊరికి రైల్లోనే వెళ్ళాం. "అంత ఖర్చు పెట్టుకుని వెళ్ళి నాలుగు ఊళ్ళేనా అక్కా? అందులోనూ సగం రోజులు స్టేషన్లలోనే గడిచిపోయి ఉంటాయి" అన్నాడు వాడు. ఆ మాటలో వెటకారం లేదు. పారిస్ చూడకుండా, ఆల్ప్స్ మంచు ముట్టుకోకుండా తిరిగి వచ్చామని నిజంగానే బాధపడ్డాడు. వడ్డిస్తున్న వాళ్ళ అత్తగారు కూడా "పోనీలెండి, మళ్ళీ వెళ్ళవచ్చు" అని ఓదార్చారు.

విస్తరి ముందు కూర్చుని సరైన జవాబు చెప్పలేకపోయాను. "రైలు ప్రయాణం బాగుంటుందిరా" అన్నాను. అంతకుమించి మాట పెగల్లేదు. ఇంటికి వచ్చాక రెండు రాత్రులు అదే ఆలోచన. వాడికి ఆ రోజు చెప్పవలసిన జవాబును ఇక్కడ తీరిగ్గా రాస్తున్నాను.

జూనియర్ కళాశాలలో ముప్పై ఏళ్ళు చరిత్ర పాఠాలు చెప్పాను. ఆ నాలుగు ఊళ్ళలో కోటలూ చర్చిలూ చూశాను, ఆనందించాను. అవి నాకు తెలిసిన చరిత్రనే మరింత అందంగా చూపించాయి. నేను ఎరగని చరిత్ర మాత్రం స్టేషన్లలోనూ, వాటిని కలుపుతున్న పట్టాల వెంటా దొరికింది. పాత యూరప్ అనుకుని మనం చూడటానికి వెళ్ళేదాన్లో చాలా భాగం రైలు వచ్చాక లేచినదే. ఆ ఊళ్ళకు మనుషులను తెచ్చిందీ రైలే, తీసుకుపోయిందీ రైలే. అందుకే చూడవలసిన కట్టడాల్లో స్టేషన్‌ను కూడా చేర్చాలంటాను. దానికోసం రెండు మూడు ఊళ్ళు వదులుకోవలసి వచ్చినా నష్టం లేదంటాను.

తూర్పు స్టేషన్ ముందు ఇద్దరు ఇంజనీర్లు

బుడాపెస్ట్‌లో మా బస కెలెటి స్టేషన్‌కు దగ్గర్లోనే. మొదటి సాయంత్రమే అటు నడిచాం. ఎదురుగా పెద్ద కమాను, దాన్ని నింపుతూ అద్దాలు, ముఖభాగం మీద రెండు విగ్రహాలు. "ఈ రాజులెవరే?" అని అడిగింది అక్క. ఒకరు ఆవిరి యంత్రాన్ని తీర్చిదిద్దిన జేమ్స్ వాట్, రెండోవారు రైలు ఇంజన్ల జార్జ్ స్టీఫెన్‌సన్. మన గుళ్ళలో ద్వారపాలకులు నిలబడే చోట ఇద్దరు ఇంజనీర్లను నిలబెట్టారు! 1884లో ఆ స్టేషన్ కట్టినవాళ్ళకు దేని మీద భక్తి ఉండేదో ఆ గుమ్మంలోనే తెలిసిపోతుంది.

కెలెటి అంటే తూర్పుది అని అర్థం. వియన్నా ఉన్నది పడమట, కానీ వియన్నా రైలు ఎక్కవలసింది ఈ తూర్పు స్టేషన్లోనే. మొదట్లో తూర్పు దిక్కు పట్టాలకోసం కట్టారు, పేరు అలాగే మిగిలింది. పట్టాలన్నీ అక్కడికి వచ్చి ఆగిపోతాయి కాబట్టి ఒక ప్లాట్‌ఫారం నుంచి ఇంకోదానికి వంతెన ఎక్కి దిగే పని ఉండదు. మోకాళ్ళ నొప్పులున్న మా అక్కకు ఆ ఊళ్ళో అన్నింటికన్నా నచ్చిన సంగతి అదే.

ఆ స్టేషన్ తెరిచింది 1884 ఆగస్టులో. పర్యాటకులంతా వరుస కట్టి చూసే ఒపెరా భవనం తెరిచింది అదే సంవత్సరం సెప్టెంబరులో. అసలు బుడాపెస్ట్ అనే ఊరే 1873 వరకూ లేదు. బుడా, పెస్ట్, ఒబుడా అనే మూడు ఊళ్ళను ఆ ఏడు ఒకటి చేశారు. భూమి కింద నడిచే రైలు 1896లో వచ్చింది, యూరప్ ప్రధాన భూభాగంలో మొట్టమొదటిది అదే. రాత్రి దీపాల్లో డాన్యూబ్ పక్కన వెలిగిపోతూ ఫోటోల్లో కనిపించే పార్లమెంటు 1902లో కొలువు తీరింది. అంటే మా గోదావరి మీద హేవలాక్ వంతెన తెరిచిన 1900 నాటికి ఆ పార్లమెంటు ఇంకా పూర్తి కాలేదు. బుడా కొండ మీది కోట పాతదే గానీ, 1945 ముట్టడిలో నాశనమైతే తిరిగి నిలబెట్టారు. 1849 నాటి గొలుసు వంతెనను జర్మన్ సైన్యం వెనక్కి పోతూ పేల్చేస్తే 1949లో మళ్ళీ తెరిచారు.

ఇవన్నీ ఒక వరుసలో పెట్టుకుంటే నాకు కొత్తగా తోచింది ఏమిటంటే, మనం మధ్యయుగాల నాటిదని ఊహించుకుని ముచ్చటపడే ఆ నగరశోభ నిజానికి మా ముత్తాత కాలం నాటిది. రైలు వచ్చి ధాన్యాన్నీ పశువులనూ మనుషులనూ తెచ్చి పోస్తే, ఆ డబ్బుతో లేచిన మేడలవి. పారిస్ చూడలేదని బాధపడ్డ మా తమ్ముడికి ఇంకో సంగతి కూడా చెప్పాలి. బుడాపెస్ట్‌లోని న్యుగతి స్టేషన్‌ను 1877లో ఐఫెల్ కంపెనీయే కట్టింది. పారిస్ టవర్ కన్నా పన్నెండేళ్ళు పెద్దది.

ఇటుకలు మోసుకొచ్చిన దారి

బుడాపెస్ట్ నుంచి వియన్నాకు రెండు గంటల నలభై నిమిషాలు. దారిలో హంగరీ, ఆస్ట్రియా సరిహద్దు హెగ్యెషాలోమ్ దగ్గర వస్తుంది. ఒకప్పుడు ముళ్ళకంచె ఉన్న చోటు. ఇప్పుడు ఫోనుకు కొత్త దేశం నుంచి సందేశం వస్తే తప్ప సరిహద్దు దాటిన సంగతే తెలియదు. కిటికీ బయట అవే పొలాలు, తిరుగుతున్న గాలిమరలు.

వియన్నాలో అందరిలాగే రింగ్ వీధి చుట్టూ ట్రాములో తిరిగాం. 1857లో చక్రవర్తి నగరం చుట్టూ ఉన్న కోటగోడలను కూల్చమని ఆజ్ఞ ఇచ్చాడు, 1865లో వీధి తెరిచారు, ఆ తరవాత నలభై యాభై ఏళ్ళపాటు దాని వెంట భవనాలు లేస్తూనే ఉన్నాయి. ఇవన్నీ పుస్తకాల్లో ఉంటాయి. నేను పాఠాలు చెప్పినన్నాళ్ళూ ఒక్కసారి కూడా వేసుకోని ప్రశ్న ఆ ట్రాములో కూర్చున్నప్పుడు వచ్చింది. ఇన్ని ఇటుకలు ఎక్కడివి?

ఊరికి దక్షిణాన వీనర్‌బర్గ్ అనే మెరక మీద ఉండేవి ఇటుక బట్టీలు. వాటిలో పనిచేసినవాళ్ళలో ఎక్కువమంది బొహీమియా, మొరావియా నుంచి, అంటే నేటి చెక్ దేశం నుంచి వలస వచ్చిన పేదలు. వాళ్ళకు కూలి డబ్బు రూపంలో కాకుండా రేకు బిళ్ళల రూపంలో ఇచ్చేవారు. అవి బట్టీవాళ్ళ దుకాణంలో తప్ప బయట చెల్లవు. 1888లో విక్టర్ ఆడ్లర్ అనే వైద్యుడు ఆ బట్టీల్లోకి వెళ్ళి చూసి పత్రికలో రాస్తే నగరం ఉలిక్కిపడింది. ఒడిశా నుంచి రైళ్ళలో మన ఇటుక బట్టీలకు పిల్లాపాపలతో వచ్చే కుటుంబాలను చూసినవాళ్ళకు ఇందులో అర్థం కానిది ఏమీ ఉండదు.

ఆ చెక్ కూలీలు వచ్చిన దారే మేం వియన్నా నుంచి ప్రాగ్ వెళ్ళిన దారి. ఆస్ట్రియాలో మొదటి ఆవిరి రైలు 1837లో వియన్నా పక్కన కొద్దిపాటి దూరం నడిచింది, 1839కి మొరావియాలోని బ్ర్నో దాకా పాకింది. ఆ తరవాత వియన్నా జనాభా పెరుగుతూ పోయి 1910 నాటికి ఇరవై లక్షలు దాటింది. ఈ రోజుకీ వియన్నాలో ఇళ్ళ గుమ్మాల దగ్గర గంట మీటల పక్కన చెక్ పేర్లు కనిపిస్తూనే ఉంటాయి. రింగ్ వీధి భవనాలను నేను మెచ్చుకోనని కాదు. బ్ర్నో స్టేషన్లో రైలు ఆగినప్పుడు వాటిని మొదటిసారి పూర్తిగా చూసినట్టు అనిపించింది. మూటలు పట్టుకుని అక్కడ రైలెక్కినవాళ్ళు ఆ భవనాల్లో సగం అని తోచింది.

ఇక్కడ నా వాదానికి ఒక అడ్డంకి ఉంది, దాచను. వియన్నా ప్రధాన స్టేషన్ అసలు పాతది కాదు. పాత దక్షిణ స్టేషన్‌ను కూల్చి దాని స్థలంలో కట్టి 2014లో తెరిచారు. లోపలికి వెళితే వరుసగా దుకాణాలు, మెరిసే నేల, కదిలే మెట్లు. ఏ పెద్ద ఊళ్ళోని మాల్‌లో ఉన్నా ఇలాగే ఉంటుంది. "ఇందులో నీ చరిత్ర ఎక్కడుందే?" అంది అక్క. జవాబు లేక చుట్టూ చూస్తుంటే హాల్లో రాతి సింహం ఒకటి కనిపించింది. రెక్కల సింహం, వెనిస్ నగరం గుర్తు. పాత దక్షిణ స్టేషన్లో ఉండేదాన్ని జాగ్రత్తగా తెచ్చి కొత్తదాన్లో నిలబెట్టారు. ఆ స్టేషన్ నుంచి పట్టాలు వెనిస్ వైపు పోయేవి. వెనిస్ 1866 దాకా ఆస్ట్రియాదే. పోగొట్టుకున్న ఊరి గుర్తు ఒకటి కాఫీ దుకాణాల మధ్య మిగిలింది. దాని పక్కన కూర్చుని ఒక కుర్రాడు ఫోనుకు చార్జింగ్ పెట్టుకుంటున్నాడు. ఒక్క సింహంతో నా వాదం మొత్తం నిలబడుతుందని అనను. వియన్నాలో నాకు దొరికినది తక్కువే.

ఒకటో నంబరు ప్లాట్‌ఫారం

ప్రాగ్ సంగతి అలా కాదు.

ప్రాగ్ ప్రధాన స్టేషన్లో దిగినవాళ్ళంతా నేరుగా కిందికి, 1970ల నాటి పొడుగాటి హాల్లోకి పోతారు. టిక్కెట్లు, దుకాణాలు, మెట్రో అన్నీ అక్కడే. దానికి పైన, దాదాపు ఖాళీగా, జోసెఫ్ ఫాంటా అనే వాస్తుశిల్పి కట్టిన పాత హాలు ఉంది. 1909లో పూర్తయిన గుమ్మటం. శిల్పాలు, రంగుటద్దాలు, మధ్యలో నిలబడి తల పైకెత్తితే మెడ నొప్పి పుట్టేంత ఎత్తు. ఈ స్టేషన్‌కు మొదట చక్రవర్తి ఫ్రాంజ్ జోసెఫ్ పేరు. 1918లో సామ్రాజ్యం కూలి చెకొస్లోవేకియా ఏర్పడ్డాక అమెరికా అధ్యక్షుడు విల్సన్ పేరు పెట్టారు. నాజీలు వచ్చి ఆ పేరు తీసేశారు, స్టేషన్ ముందున్న విల్సన్ విగ్రహాన్ని పడగొట్టారు. 2011లో దాన్ని మళ్ళీ చేయించి నిలబెట్టారు. నూరేళ్ళ పాలన చరిత్రను ఒక్క స్టేషన్ పేరు పలక మీద చెప్పేయవచ్చు. నా విద్యార్థులకు ఇది చెప్పగలిగి ఉంటే ఎంత బాగుండేది అనుకున్నాను.

ఒకటో నంబరు ప్లాట్‌ఫారం మీద ఒక విగ్రహం ఉంది. కళ్ళద్దాలు పెట్టుకున్న మనిషి, ఆయన చేతుల్లో ఒక పిల్లవాడు, పక్కన పెట్టెతో ఒక పాప. ఆయన నికొలస్ వింటన్. లండన్‌లో షేర్ల దళారీగా పనిచేసే యువకుడు. 1939 మార్చి నుంచి ఆగస్టు దాకా ఎనిమిది రైళ్ళలో 669 మంది పిల్లలను, ఎక్కువమంది యూదులు, ప్రాగ్ నుంచి బ్రిటన్‌కు చేర్చిన పనిలో ముఖ్యుడు. ప్రాగ్‌లో ఉండి ఆ పని నడిపిన డోరీన్ వారినర్, ట్రెవర్ చాడ్విక్ పేర్లు కూడా చెప్పుకోవాలి, వాళ్ళకు దక్కవలసిన గుర్తింపు దక్కలేదు. తొమ్మిదో రైలు 1939 సెప్టెంబరు 1న బయలుదేరాలి. దాదాపు 250 మంది పిల్లలు ఎక్కవలసింది. ఆ రోజే హిట్లర్ పోలండ్ మీద దాడి చేశాడు, సరిహద్దులు మూసుకున్నాయి. ఆ రైలు కదలలేదు.

అక్కడే ఇంకో గుర్తు ఉంది, 2017లో పెట్టారు. పాతకాలపు రైలు పెట్టె తలుపు. దాని కిటికీ అద్దం మీద ఒక వైపు పిల్లల అరచేతులు, రెండో వైపు పెద్దల అరచేతులు. అంతే. మనుషుల ముఖాలు లేవు, కథ చెప్పే బొమ్మలు లేవు. మా అక్క చాలాసేపు దాని ముందు నిలబడి, పెద్దల చేతుల వైపుకు వెళ్ళి తన చెయ్యి అక్కడ ఆనించింది. సరిగ్గా సరిపోయింది. ఇటు వైపు నేనున్నాను. నా చెయ్యి ఆ పిల్లల చేతుల కన్నా చాలా పెద్దది, ఆనించబుద్ధి కాలేదు. చేతిలో సంచితో ఆఫీసుకు పోతున్న ఒకావిడ మమ్మల్ని తప్పుకుని, వేగం తగ్గించకుండా తన రైలు దగ్గరికి వెళ్ళిపోయింది. అదే పట్టా, అదే ప్లాట్‌ఫారం. ప్రదర్శనశాలలో పెట్టి ఉంటే ఆ తలుపు ముందు నేను ఇంకో రెండు నిమిషాలు నిలబడి తరవాతి గదిలోకి పోయేదాన్నేమో. ఎదురుగా నిజం రైలు తలుపులు మూసుకుంటూ ఉంటే కదలలేకపోయాను.

అదే ఊళ్ళో బుబ్ని అనే చిన్న స్టేషన్ ఉంది. 1941 నుంచి 1945 దాకా దాదాపు యాభై వేలమంది యూదులను అక్కడి నుంచే తెరెజీన్ అనే నిర్బంధ పట్టణానికీ, నాజీ శిబిరాలకూ పంపారు. దాని ముందు ఇప్పుడు నిటారుగా ఆకాశంలోకి లేచిన పట్టా ఒకటి నిలబెట్టి ఉంది. అంతకు ముందు రోజు పాత చౌకులో 1410 నాటి గడియారం గంట కొట్టేటప్పుడు వందలమంది మధ్య నిలబడి ఫోటోలు తీసుకున్నాం. బుబ్ని ముందు మేమిద్దరమే ఉన్నాం. గడియారం చూడటం తప్పని నేను అనను, అది అద్భుతమైన వస్తువు. కానీ యాభై వేలమంది ఊరు విడిచిన గుమ్మానికి ఒక్క అరగంట కూడా కేటాయించని యాత్రను ప్రాగ్ యాత్ర అనడానికి నాకు మనసొప్పదు.

మా తమ్ముడి పక్షం

వాడి పక్షాన కూడా మాట్లాడాలి. వాడితో వాళ్ళ అమ్మ, అంటే మా పిన్ని, డెబ్భై రెండేళ్ళ మనిషి, వెళ్ళింది. బస్సు హోటలు గుమ్మం దాకా వచ్చేది. పెట్టెలు ఎవరో మోసేవారు. రాత్రికి అన్నం, పప్పు, పెరుగు దొరికేవి. ఆవిడ జీవితంలో మొదటి విదేశయాత్ర అది, తొమ్మిది గంటలకల్లా నిద్రపోవాలి, చక్కెర మాత్రలు వేళకు పడాలి. ఆవిడను నేను కెలెటి స్టేషన్లో ప్లాట్‌ఫారం నంబరు పలక మీద పడేదాకా నిలబెట్టగలనా? లేదు. ఏడు దేశాలు తిరిగి వచ్చి ఆవిడ ఇప్పుడు వీధి వీధంతా ఆ కబుర్లు చెబుతోంది. ఆ సంతోషానికి విలువ కట్టే అధికారం నాకు లేదు.

ఖర్చు కూడా ఆలోచించవలసినదే. కొన్నిసార్లు విమానం టిక్కెట్టు రైలు టిక్కెట్టు కన్నా తక్కువకు వస్తుంది. రైలు టిక్కెట్టు వారాల ముందే కొనుక్కుంటే చౌక, ఆఖరి రోజున కొంటే గుండె ఆగుతుంది. టిక్కెట్టు కొంటే సీటు దొరికినట్టు కాదన్న సంగతి మాకు మొదటి రైలెక్కాకే తెలిసింది. సీటు వేరే రిజర్వు చేసుకోవాలి, లేకపోతే ఖాళీ ఉన్నచోట కూర్చోవాలి. బెర్తు నంబరు లేకుండా రైలెక్కడమనే ఊహకే అక్క చేతులు వణికాయి. వియన్నా నుంచి ప్రాగ్ వెళ్ళే రైలు పొలాల మధ్య ముప్పావు గంట ఆగిపోయింది. ఎందుకో చెప్పారు గానీ మాకు భాష తెలియలేదు. ఎదురు సీటులోని ముసలాయన తన దగ్గరున్న ఆపిల్ పండు కోసి మాకు చెరో ముక్క ఇచ్చాడు. చెయ్యి ఊపుతూ ఏదో చెప్పాడు, కంగారు పడవద్దని కాబోలు. ఆ పండు బాగుంది. కానీ ఆ సాయంత్రం విమానం అందుకోవలసి ఉంటే నేను ఆ పండును మెచ్చుకునేదాన్ని కాదు.

అన్నింటికన్నా గట్టి అభ్యంతరం మా అక్కది. "నువ్వు చరిత్ర చెప్పినదానివి, నీకు ప్రతి రాయి వెనకా ఏడుపే కనిపిస్తుంది. నేను అందం చూడటానికి వచ్చాను. తప్పా?" అని ఒక రాత్రి నిలదీసింది. తప్పు కాదు. కానీ కొత్తగా కట్టినవాటిని అందమైన నకళ్ళుగా చూసే అలవాటు నాకుంది. డ్రెస్డెన్‌లో ఆ అలవాటును అక్క మాన్పించింది.

డ్రెస్డెన్ నడిబొడ్డున ఫ్రావెన్‌కిర్కె అనే చర్చి ఉంది. 1945 ఫిబ్రవరి బాంబుదాడి మంటల్లో కాలి, రెండు రోజులకు కుప్పకూలింది. తూర్పు జర్మనీ ప్రభుత్వం నలభై ఏళ్ళకు పైగా ఆ రాళ్ళగుట్టను అలాగే ఉంచింది. జర్మనీ ఒక్కటయ్యాక కట్టడం మొదలుపెట్టి 2005లో పూర్తి చేశారు. గుట్టలోంచి దొరికిన పాత రాళ్ళను ఏరి, వీలైనన్నింటిని వాటి పాత చోట్లలోనే పేర్చారు. లేత గోధుమరంగు గోడలో అక్కడక్కడా నల్లటి రాళ్ళు. నాకు అది మచ్చల చీరలా కనిపించింది, ఆ మాటే అన్నాను. అక్క ఒక నల్లరాయి మీద చెయ్యి వేసి, దాని పక్కనున్న కొత్త రాయి మీద కూడా వేసి, "పగిలిన కుండను అతికించుకుని వాడుకునేవాళ్ళను చూశావా? వాళ్ళకు ఆ కుండ అంటే ఎంత ఇష్టమో కదా" అంది. ఆ తరవాత నకళ్ళు అనే మాట నా నోట రాలేదు. స్టేషన్ల గురించి నా అభిప్రాయం మారలేదు గానీ, చర్చిలను తక్కువ చేసి మాట్లాడితే అది నా పొరపాటే.

మళ్ళీ మా తమ్ముడి మాటకు వస్తాను. సగం రోజులు స్టేషన్లలో గడిచిపోయాయన్నాడు కదా. లెక్క వేశాను. మూడు ప్రయాణాలూ కలిపి తొమ్మిది గంటల చిల్లర, ఆ ముప్పావు గంటతో పది. ఇంచుమించు రాజమండ్రి నుంచి సికిందరాబాదుకు గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో పట్టేంత. వాడే చెప్పిన లెక్క ప్రకారం వాళ్ళు బస్సులో రోజుకు ఐదారు గంటలు కూర్చున్నారు. హైవే మీద పోయే బస్సు ఏ ఊళ్ళోకీ వెళ్ళదు, ఊళ్ళను తప్పించుకుని పోతుంది. రైలు ఊరి పెరటి గుండా వెళుతుంది. తీగల మీద ఆరేసిన బట్టలు, కూరగాయల మడులు, మూతపడ్డ కర్మాగారాల గోడలు, వాటి మీద రాతలు అన్నీ కనిపిస్తాయి. పిన్నిని తీసుకుని మళ్ళీ వెళితే ఏడు దేశాల మధ్యలో ఒక్క ప్రయాణమైనా, బుడాపెస్ట్ నుంచి వియన్నా అయినా చాలు, పగటిపూట రైల్లో చేయించమని వాడితో అంటాను.

అందరూ వెళ్ళిన దిక్కు

మా టిక్కెట్లు పరచుకుని చూసుకుంటే ఒక సంగతి ఆలస్యంగా అర్థమైంది. మేం వెళ్ళిన దిక్కు మేం ఎంచుకున్నది కాదు. డ్రెస్డెన్‌లో ఎం.ఎస్. చదువుతున్న మేనకోడలి దగ్గర యాత్ర ముగియాలని అటు నుంచి ఇటు వేసుకున్నాం. కానీ ఆ పట్టాల మీద ప్రాణాలు అరచేత పెట్టుకుని వెళ్ళినవాళ్ళు చాలామంది ఇదే దిక్కుకు వెళ్ళారు. 2015 సెప్టెంబరులో సిరియా నుంచీ ఇతర దేశాల నుంచీ వచ్చిన వేలమంది శరణార్థులు వియన్నా రైలు ఎక్కడానికి కెలెటి స్టేషన్ దగ్గరే రోజుల తరబడి పడిగాపులు పడ్డారు. లోపలికి రానివ్వకపోతే వాళ్ళలో చాలామంది పిల్లలను ఎత్తుకుని కాలినడకన ఆస్ట్రియా వైపు బయలుదేరారు. ఆ రోజు వాట్, స్టీఫెన్‌సన్‌ల కింద మేం ఫోటో తీసుకున్న చోట వాళ్ళు పడుకున్నారు.

ప్రాగ్ నుంచి డ్రెస్డెన్ రైలు స్టేషన్ దాటగానే వల్తవ నది మీద వంతెన ఎక్కింది. చక్రాల చప్పుడు మారగానే అక్క చెయ్యి తనంతట తానే చేతిసంచిలోకి వెళ్ళి చిల్లర తీసింది. మా ఊళ్ళో గోదావరి మీద రైలు వెళితే నాణెం వేసి దండం పెట్టనివాళ్ళు ఉండరు. ఆ రైలు కిటికీలు తెరుచుకోవు. అక్క ఆ చెక్ నాణేన్ని కళ్ళకద్దుకుని మళ్ళీ లోపల పెట్టుకుంది.

1989 శరదృతువులో అదే దారిన వెళ్ళిన రైళ్ళ గురించి అప్పుడే చెప్పాను తనకు. తూర్పు జర్మనీ నుంచి పారిపోయి వచ్చిన వేలమంది ప్రాగ్‌లోని పశ్చిమ జర్మనీ రాయబార కార్యాలయం తోటలో బురదలో గుడారాలు వేసుకుని ఉన్నారు. సెప్టెంబరు 30 సాయంత్రం విదేశాంగ మంత్రి గెన్‌షర్ మేడ మీద నిలబడి వాళ్ళ ప్రయాణానికి అనుమతి దొరికిందని చెప్పబోయాడు. వాక్యం పూర్తి కాకముందే కేకల్లో ఆయన గొంతు మునిగిపోయింది. అయితే ఆ రైళ్ళు తమ దేశం గుండానే పోవాలని తూర్పు జర్మనీ పట్టుబట్టింది. తామే వాళ్ళను వెళ్ళగొట్టినట్టు చూపించుకోవాలని. అలా ఏ దేశం నుంచి పారిపోయారో మళ్ళీ అందులోంచే, డ్రెస్డెన్ మీదుగా పశ్చిమానికి వెళ్ళారు. దారిలో కొందరు తమ దగ్గరున్న తూర్పు జర్మనీ నాణేలను కిటికీల్లోంచి విసిరేశారు. అక్టోబరు 4న ఆ రైళ్ళు ఎక్కాలని వేలమంది డ్రెస్డెన్ స్టేషన్ మీదికి వస్తే పోలీసులతో పెద్ద ఘర్షణ జరిగింది. "నాణేలా?" అంది అక్క. ఇంకేమీ అడగలేదు.

దెచీన్ దాటాక లోయ ఇరుకవుతుంది. ఒక పక్క ఎల్బ నది, ఒక పక్క కొండచరియ, మధ్యలో రైలు. నీళ్ళకు అవతల ఇసుకరాతి కొండలు పేర్చిన దొంతరల్లా ఉన్నాయి. సరిహద్దు ఎక్కడో ఆ మలుపుల్లోనే వెళ్ళిపోయింది. బాద్ షాండౌలో రైలు ఆగినప్పుడు పోలీసులు ఎక్కారు. కొన్నాళ్ళుగా జర్మనీ తన సరిహద్దుల్లో మళ్ళీ తనిఖీలు చేస్తోంది. మా పెట్టెలో అందరి దగ్గరా ఆగలేదు, మా దగ్గర ఆగారు. మర్యాదగానే అడిగారు. అక్క రెండు పాస్‌పోర్టులూ, వీసా కాగితాలూ, హోటలు రసీదులూ, తిరుగు టిక్కెట్లూ ఉన్న ప్లాస్టిక్ సంచి మొత్తం ఇచ్చేసింది. అతను వీసా పేజీ మాత్రం చూసి, నవ్వి, సంచి జాగ్రత్తగా మూసి తిరిగి ఇచ్చాడు.

మాకు రెండు వరుసల ముందు ఒక అబ్బాయి ఉన్నాడు. ఇరవై ఏళ్ళుంటాయేమో. అతని దగ్గర ఎక్కువసేపు మాట్లాడారు. తరవాత అతను పైనున్న సంచి తీసుకుని వాళ్ళతోపాటు దిగాడు. కిటికీలోంచి చూస్తే ప్లాట్‌ఫారం మీద నిలబడి ఉన్నాడు, సంచి రెండు చేతులతో పొట్టకు ఆనించుకుని. "ఎక్కడివాడే ఆ పిల్లాడు?" అని అడిగింది అక్క. నాకు తెలియదు. రైలు కదిలింది. అరగంటలో డ్రెస్డెన్. స్టేషన్లో తెల్లటి గుడారంలాంటి పైకప్పు కింద మా మేనకోడలు చేతులు ఊపుతూ ఎదురు వస్తోంది. "పెద్దత్తా, కందిపొడి తెచ్చావా?" అని అడిగే దాకా అక్క ఇంకా వెనక్కి తిరిగి పట్టాల వైపే చూస్తోంది.